కుడి రొమ్ము తీసేసిన ఒక కేసు: ఆమెకు ముందే చెప్పాల్సినవి

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. "రాయండి డాక్టరమ్మా, మాలాంటోళ్ళకి ఇయ్యన్నీ ఎవురు చెప్తారు" అంది కూడా. ఊరు, ఇంకొన్ని ఆనవాళ్ళు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

వయసు 56. గుంటూరు వైపు పల్లె. సీజన్‌లో మిరపకోత, కోతలు అయిపోయాక కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని. పదేళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. ముట్లు ఆగి ఏడేళ్ళు. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ తన పాలే ఇచ్చింది. ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ లేదు. ఈ చివరి రెండు మాటలు ఎందుకు రాస్తున్నానంటే, "పిల్లలకి పాలిచ్చాను, మా వంశంలో లేదు, నాకెందుకొస్తుంది" అని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది, ఈమె కూడా అలాగే ఉంది.

శ్రావణమాసంలో స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే దాదాపు ఏడు నెలలు ఊరుకుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ చాలామందికి మొదట్లో నొప్పి పెట్టదు, అదే దానితో వచ్చిన చిక్కు. ఫిబ్రవరి ఆఖర్లో నా దగ్గరికి వచ్చేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది, పైన చర్మం సొట్ట పడింది, చంకలో బిళ్ళ (లింఫ్ గ్రంథి) చేతికి తెలుస్తోంది. మామోగ్రామ్‌లో ఒకటి కాదు, రెండు గడ్డలు కనిపించాయి, ఒకటి పైన చంక వైపు, ఇంకోటి కింద లోపలి వైపు. రెండింటి మధ్యా పిండి చల్లినట్టు సున్నపు చుక్కలు, అవి కూడా జబ్బు ఆనవాళ్ళు కావచ్చు. సూది గుచ్చి ముక్క తీస్తామంటే ఆడపడుచు అడ్డుపడింది, గుచ్చితే పాకుతుందని. పాకదు. ముక్క తీసి చూడకుండా ఏ మందు ఇవ్వాలో, ఏ ఆపరేషన్ చేయాలో ఎవరూ చెప్పలేరు. చంకలో బిళ్ళకి కూడా సూది పరీక్ష చేశాం, అందులోనూ క్యాన్సర్ కణాలు ఉన్నాయి. స్కాన్లలో ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు బాగానే ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ అనగానే రొమ్ము తీసేయాల్సిందేనని లేదు. గడ్డ ఒకే చోట ఉంటే, దాన్ని చుట్టూ కొంచెం మంచి కణజాలంతో కలిపి తీసి, మిగిలిన రొమ్ముకి రేడియేషన్ ఇస్తే, ఆయుష్షు విషయంలో మొత్తం తీసేసిన వాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదని అమెరికాలో ఒకటి, ఇటలీలో ఒకటి, ఇరవై ఏళ్ళపాటు పేషెంట్లని గమనించిన రెండు పెద్ద అధ్యయనాలు 2002లో తేల్చాయి. కాబట్టి ఎవరైనా తీసేద్దాం అంటే "ఎందుకు, ఉంచడం కుదరదా" అని తప్పకుండా అడగండి. ఈమె విషయంలో కుదరదు, రెండు మూలల్లో రెండు గడ్డలు, మధ్యలో ఆ చుక్కలు ఉన్నాయి కాబట్టి అవన్నీ తీస్తే మిగిలే రొమ్మంటూ ఏమీ ఉండదు. పొట్ట దగ్గరి కండతోనో, వీపు కండతోనో, సిలికాన్‌తోనో కొత్త రొమ్ము కట్టే ఆపరేషన్లు కూడా ఉన్నాయి, ఆమెకు తర్వాత వివరంగా చెప్పాను, వద్దంది.

ఇక నేను చేసిన తప్పు. కొడుకు ఆటో నడుపుతాడు, తల్లంటే ప్రాణం. రిపోర్ట్ వచ్చిన రోజు నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, మా అమ్మకి క్యాన్సర్ అని చెప్పకండి, తట్టుకోలేదు. మామూలు గడ్డ అని చెప్పండి, సంతకాలు ఎక్కడ పెట్టాలన్నా నేను పెడతా" అన్నాడు. బయట జనం ఎక్కువగా ఉన్నారు, వాదించే ఓపిక లేక సరే తర్వాత మాట్లాడదాం అన్నాను. తర్వాత అన్నానే గానీ, వారం రోజులు మాట్లాడలేదు. ఆపరేషన్, ఖర్చు, ఎన్ని రోజులు ఉండాలి, ఎన్టీఆర్ వైద్య సేవలో అనుమతి ఎప్పటికి వస్తుంది, అన్నీ ఆ అబ్బాయితోనే మాట్లాడాను. ఆమె మా ఇద్దరి మధ్యే కూర్చుని ఉండేది.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం సంతకం కోసం వార్డుకి వెళ్ళాను. అది ఆమె పెట్టాల్సిన సంతకం, కొడుకుది చెల్లదు. కాగితం తీయగానే ఆమె పక్క మంచం వైపు చూపించి, "ఆమెకి ఒకేపు ఏమీ లేదు డాక్టరమ్మా. నన్ను కూడా అట్టా చేస్తారా? మావోడు నాకేం చెప్పట్లా" అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మంచం మీదే కూర్చున్నాను. కొడుకుని, భర్తని కూడా లోపలికి పిలిచి అంతా చెప్పాను, క్యాన్సర్ అనే మాటతో సహా. ఆమె కాసేపు ఏడ్చింది. కొడుకు ఆమెకంటే ఎక్కువ ఏడ్చాడు. కళ్ళు తుడుచుకున్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఈ చేత్తో మళ్ళీ కాయలు కోయగలనా?"

వారం రోజుల్లో మేం ఎవరం అడగని ప్రశ్న అది. కుడి రొమ్ము తీసి కుడి చంక శుభ్రం చేస్తే దెబ్బ పడేది కుడి చేతి మీద, ఆమెకి అన్నం పెట్టేది ఆ చెయ్యే. కోయగలరమ్మా, కానీ అది సగం నా చేతిలో, సగం మీ చేతిలో ఉంటుందని చెప్పాను. కూతురితో మాట్లాడాలంది, ఒక రోజు కావాలంది. ఆపరేషన్ ఒక రోజు వాయిదా వేశాను. ఒక రోజు వల్ల జబ్బు ముదిరేది ఏమీ లేదు.

ఆ ఒక రోజులో ఆమెకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, ఆ తర్వాత ఆమెకు నిజంగా ఎలా గడిచిందో దాంతో కలిపి.

పెద్దవాళ్ళు "పక్కటెముకలు బయటపడేలా గీకేస్తారు" అని చెప్పే మాట పూర్తిగా కల్పన కాదు, పాత ఆపరేషన్ అలాంటిదే. 19వ శతాబ్దం చివర్లో హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కిందున్న ఛాతీ కండరాల్ని కూడా తీసేసేవారు, చెయ్యి చాలామందికి పనికిరాకుండా వాచిపోయేది. ఇప్పుడు చేసే మోడిఫైడ్ రాడికల్ మాస్టెక్టమీలో ఛాతీ పెద్ద కండరం అలాగే ఉంటుంది. రొమ్ము, చనుమొన, దాని చుట్టూ కొంత చర్మం, చంకలో కొవ్వుతో కలిసి ఉండే బిళ్ళలు, ఇవే తీస్తాం. చంకలో బిళ్ళ చేతికి తగలనివాళ్ళకి రంగు మందు ఎక్కించి మొదటి ఒకటి రెండు బిళ్ళలు మాత్రమే తీసి పరీక్షించే పద్ధతి ఉంది. ఈమెకి బిళ్ళలోకి అప్పటికే పాకింది కాబట్టి చంక మొత్తం శుభ్రం చేయాల్సి వచ్చింది.

ఆపరేషన్ రోజు ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా. షుగర్ మాత్ర ఆ పొద్దున వద్దన్నాం. రక్తం పలచన చేసే మాత్రలు, నాటు మందులు, చూర్ణాలు ఏవైనా వాడుతుంటే మత్తు డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి, తిడతారని దాచేవాళ్ళు ఉంటారు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు, ఎందుకంటే రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతాం, లోహం ఉన్నచోట చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. గాజులు, మెట్టెలు తీసింది కానీ పుస్తెలు తీయనంది, పక్కన భర్త ఉండగా ఎలా తీస్తానంది. మా వార్డులో పెద్ద సిస్టర్ ఒకావిడ ఇలాంటివి ఎన్ని చూసిందో, ఏమీ మాట్లాడకుండా తెల్ల దారానికి పసుపు రాసి, పసుపు కొమ్ము ముడేసి, భర్త చేతికిచ్చి ఆమె ఎడమ చేతి మణికట్టుకి కట్టించింది. పుస్తెలు విప్పి ఆయన జేబులో పెట్టుకున్నాడు. థియేటర్‌లో రెండు గంటల పైన ఆ దారం నాకు ఎదురుగానే ఉంది.

మెలకువ వచ్చేసరికి ఎలా ఉంటుందంటే, ట్యూబ్ వేసినందుకు గొంతు గీసుకుపోయినట్టు, ఒళ్ళు చలి, కొంచెం వికారం, ఛాతీకి గుడ్డ గట్టిగా బిగించి కట్టినట్టు. నొప్పి అనుకున్నంత ఉండదని చాలామంది అంటారు, ఈమె కూడా అలాగే అంది, పైగా మత్తు డాక్టర్ ఛాతీ నరాలకి విడిగా ఇంజెక్షన్ ఇచ్చి ఉన్నారు. సెలైన్ ఎడమ చేతికే, బీపీ పట్టా ఎడమ చేతికే. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుంది, మర్నాడు పొద్దున సొంతంగా బాత్రూంకి నడిచింది.

ఇబ్బంది పెట్టేది కోత కంటే డ్రెయిన్. లోపల ఖాళీ అయిన చోట నీరు ఊరుతుంది కాబట్టి పక్కన చిన్న రంధ్రాలు చేసి రెండు గొట్టాలు పెడతాం, ఒకటి చంకకి, ఒకటి ఛాతీకి, వాటి చివర హార్మోనియం తిత్తిలా నొక్కి మూసే ప్లాస్టిక్ డబ్బాలు. మొదట ఎర్రగా, రెండు మూడు రోజులకి గులాబీ రంగు, తర్వాత పలచని టీ రంగు నీరు వస్తుంది. మొదటి రోజు ఎర్రగా చూసి రక్తమంతా పోతోందని హడలిపోతారు, అందుకే ముందే చెప్పాలి. ఛాతీ గొట్టం మూడో రోజు తీసేశాం, చంక గొట్టంతోనే నాలుగో రోజు ఇంటికి పంపాం. డబ్బా వేలాడకుండా కూతురు పాత జాకెట్టు గుడ్డతో మెడలో వేసుకునే సంచి కుట్టింది. కొలిచే పని భర్త తీసుకున్నాడు. ఐదో తరగతి చదివిన మనిషి, రోజూ పొద్దున ఒకే వేళకి కొలిచి, గోడ మీద క్యాలెండర్‌లో తిథి పక్కన రాసిపెట్టి, చూపించడానికి వచ్చినప్పుడు ఆ మార్చి పేజీని చింపి జేబులో పెట్టుకుని తెచ్చాడు. 90, 85, 70, 70, 55, 40, 28, 25. నా కేస్ షీట్ కంటే ఆ పేజీయే శుభ్రంగా ఉంది. వరసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్ల లోపు వచ్చింది కాబట్టి గొట్టం తీసేశాను. తీసేటప్పుడు గట్టిగా ఊపిరి వదలమంటాం, ఒక్క క్షణం లోపల ఏదో జారినట్టు చురుక్కుమంటుంది, అంతే.

జ్వరం వస్తే, కోత చుట్టూ ఎర్రబడి వేడెక్కితే, డబ్బాలోకి ఒక్కసారిగా చిక్కటి ఎర్ర రక్తం నిండితే, పిక్క వాచినా ఊపిరి ఆడకపోయినా, ఏ వేళైనా వచ్చేయమని చెప్పి పంపుతాం.

కోత చూసుకోవడం గురించి కొంచెం ఆగి రాయాలి. మూడో రోజు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు చూస్తారా అని అడుగుతాను, చూడనంటే బలవంతం లేదు. ఆమె చూస్తానంది. సిస్టర్ తలుపు వేసి చేతి అద్దం పట్టుకుంది. ఛాతీ ఎముక దగ్గర మొదలై చంక కిందికి వాలుగా పోయే ఒకే గీత, అంచుల్లో కొంచెం కమిలిన నలుపు, బయటి చివర చర్మం చిన్నగా ముడిపడి పొంగి ఉంది, అది చాలావరకు సర్దుకుంటుంది. ఆమె చాలాసేపు చూసింది. ఎడమ అరచెయ్యి తీసుకొచ్చి దాని మీద ఆనించింది. "గట్టు తీసేసిన మడిలాగుంది" అంది. సిస్టర్ అద్దం దించలేదు, ఆమె తనంతట తాను కళ్ళు తిప్పుకునేదాకా పట్టుకునే నిలబడింది. కొత్త నర్సులకి నేను ఆ సంగతి చెప్తుంటాను, అద్దం ఎప్పుడు దించాలో పేషెంటే చెప్పాలని.

చేయి పైభాగం లోపలి వైపు, చంక కింద మొద్దుబారిపోతుంది. చంకలోంచి చేతికి పోయే సన్నటి నరం ఒకటి అన్నిసార్లూ కాపాడలేం. కొందరికి నెలల్లో కొంత స్పర్శ తిరిగొస్తుంది, కొంత ఎప్పటికీ రాదు. అందుకే వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. లేని చనుమొన దురద పెట్టినట్టు అనిపించడం కూడా ఉంది. రెండో వారంలో ఆమె భయపడుతూ సిస్టర్‌తో చెప్పింది, తనకేమైనా పిచ్చెక్కుతోందా అని. కాదు, ఆ నరాలు మెదడుకి ఇంకా పాత కబుర్లే మోస్తుంటాయి, మెల్లగా తగ్గుతుంది. అదే రోజు సిస్టర్‌ని ఇంకోటి కూడా అడిగింది, నన్ను కాదు. ఆయన పక్కన పడుకోవచ్చా, అంటుకుంటుందా అని. అప్పటిదాకా ఇంట్లో ఆమె గ్లాసు, కంచం వేరుగా పెడుతున్నారు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని ఇంట్లో అందరినీ పిలిచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని ఆడపడుచు పదిరోజులు బీరకాయ, చారన్నం మాత్రమే పెట్టింది. ప్రేమతోనే పెట్టింది, కానీ గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, కోడికూర, పెరుగు అన్నీ తినొచ్చు. ఈమెకి చీము భయం షుగర్ వల్ల, పప్పు వల్ల కాదు. షుగర్ అదుపులో ఉంచడమే అసలు పథ్యం.

పదో రోజు రిపోర్ట్ వచ్చింది. పెద్ద గడ్డ 4.2 సెంటీమీటర్లు, చిన్నది 1.8. అంచుల్లో జబ్బు లేదు. తీసిన 17 బిళ్ళల్లో మూడింటిలో ఉంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ రిసెప్టార్లు పాజిటివ్, అంటే ఆడ హార్మోన్ల వల్ల పెరిగే రకం. హెర్2 అనే ప్రొటీన్ నెగెటివ్. కాబట్టి కీమో, రేడియేషన్, ఆ తర్వాత ఏళ్ళ తరబడి హార్మోన్ మాత్ర. ఈసారి రిపోర్ట్ ఆమె చేతికే ఇచ్చి, ఆమెకే చెప్పాను, కొడుకు పక్కన కూర్చుని విన్నాడు.

మూడు వారాలకి చూపించుకోవడానికి వచ్చినప్పుడు రెండు సమస్యలు. ఒకటి, గొట్టం తీసిన చోట లోపల నీరు చేరింది. సూదితో 80 మిల్లీలీటర్లు లాగాను, వారం తర్వాత మళ్ళీ ఒకసారి, మొద్దుబారి ఉండటంతో ఆమెకి సూది తెలియనే లేదు. ఇది చాలామందిలో జరిగేదే. రెండోది నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవట్లేదు. పక్కింటామె "కుట్లూడతాయి, కదపమాకు" అందట, ఆ మాటతో చెయ్యి కడుపుకి ఆనించుకునే మూడు వారాలు గడిపింది. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద ఉట్టి తాడులా బిగిసిన తీగ కనిపిస్తోంది. చంక ఆపరేషన్ తర్వాత ఇలా తీగలు కట్టడం మామూలే, వ్యాయామంతో వదులవుతాయి. కానీ వదులుకాకపోతే కోత పని సంగతి అటుంచి రేడియేషన్ కూడా కష్టం, ఎందుకంటే అక్కడ చెయ్యి తల పైకి ఎత్తి పెట్టి కదలకుండా పడుకోవాలి.

మేం చెప్పలేదా? చెప్పాం. మొదటి రోజు నుంచే పిడికిలి మూయడం తెరవడం, మోచెయ్యి ముడవడం, డ్రెయిన్ ఉన్నంతకాలం చెయ్యి భుజం ఎత్తు దాకా, తీశాక పైకి. కానీ చెప్పింది ఆపరేషన్ అయిన మర్నాడు, నొప్పి మాత్రల మగతలో ఉన్నప్పుడు, ఒక కాగితం చేతిలో పెట్టి. ఆమెకి చదవడం రాదు. అప్పటి నుంచి మా దగ్గర వ్యాయామాలు ఆపరేషన్‌కి ముందే, మంచి చెయ్యి ఉండగానే చేయించి చూపిస్తున్నాం.

ఫిజియోథెరపిస్టు గోడ వ్యాయామం మొదలుపెట్టించారు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో సాలీడులా పైకి పాకించడం, ఆగిన చోట కొంచెంసేపు పట్టి ఉంచడం, దించడం. భర్త ఆ రోజు ఎంతవరకు లేచిందో గోడ మీద సుద్దముక్కతో గీత గీసేవాడట. తల దువ్వుకుని కొప్పు పెట్టుకోవడం, జాకెట్టు చేతులు తొడుక్కోవడం కూడా వ్యాయామమే. ఆరు వారాలకి రెండు చేతులతో కొప్పు చుట్టుకుంది.

కీమో ఏప్రిల్ మధ్యలో మొదలై సెప్టెంబర్ ఆఖరుకి అయిపోయింది. ఆ ఆరు నెలల గురించి విడిగా రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నాను. నవంబర్‌లో 15 రోజుల రేడియేషన్, చెయ్యి ఇబ్బంది లేకుండా తల పైకి వెళ్ళింది. తర్వాత లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర, రోజుకొకటి.

జాకెట్టు గురించి కూడా అడుగుతారు, సిగ్గుపడి ఆఖర్న అడుగుతారు. కోత పూర్తిగా మానేదాకా మెత్తటి దూది, గుడ్డ. తర్వాత సిలికాన్‌ది వాడొచ్చు. బరువు కూడా ముఖ్యం, ఒకవైపు బరువు లేకపోతే భుజం ఒక పక్కకి ఎత్తుగా నడిచే అలవాటై మెడ, వీపు నొప్పులొస్తాయి. ఈమె కూతురు మెత్తటి నూలు గుడ్డతో సంచి కుట్టి, లోపల దూది, మధ్యలో బరువుకి గుప్పెడు ఆవాలు పోసి, జాకెట్టు లోపల జేబులా కుట్టి అందులో పెట్టింది. ఎడమ వైపుతో తూకం సరిపోయేదాకా ఆవాలు పోస్తూ తీస్తూ చూసుకున్నారట. ఉతికే ముందు ఆవాలు తీసేస్తుంది. నేను ఇప్పుడు ఇంకొందరికి ఆ పద్ధతే చెప్తున్నాను.

చెయ్యి వాపు భయం మాత్రం ఎప్పటికీ ఉంటుంది. చంక మొత్తం శుభ్రం చేసిన వాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వాపు వస్తుంది, ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే అదుపు చేయొచ్చు. ఆ చేత్తో ఏ బరువూ ఎత్తకూడదనేది పాత మాట. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే పని మంచిదే. గాయాలు, కాలడం, పుండ్లు పడకుండా చూసుకోవాలి, పడితే వెంటనే మందు.

జనవరిలో వచ్చింది. జుట్టు అంగుళం దాకా మొలిచింది. మోచేతికి పైన, కింద రెండు చోట్లా టేపుతో కొలిచాను, కుడి చెయ్యి ఎడమ కంటే ఒక చోట అర సెంటీమీటర్ ఎక్కువ, రెండో చోట సమానం. ఆపరేషన్‌కి ముందు కొలిచినప్పుడు కూడా అంతే ఉంది, కుడిచేతి వాటం వాళ్ళకి అలా ఉంటుంది. మిరపకోతకి వెళ్తానంది. పొడుగు చేతుల చొక్కా, చేతికి గ్లౌజు, మొదటి వారం ఒక పూట పని మాత్రమే, సాయంత్రానికి చెయ్యి బరువుగా బిగుతుగా అనిపిస్తే ఆపి నాకు ఫోన్ అని చెప్పాను. "గ్లౌజుతో కాయ తెగదు డాక్టరమ్మా, కొత్తలో ఎవురికైనా" అంది. అయినా వేసుకుంటానంది. ఎడమ రొమ్ముకి మామోగ్రామ్ తేదీ క్యాలెండర్‌లో భర్త చేత రాయించి పంపాను.